కోనసీమ తోటల్లో ఉడుతల్ని కుదురుగా చూడాలంటే ఎక్కడ కూర్చోవాలి, ఏ వేళకి?

వైనతేయ ఒడ్డు (ప్రశ్న):

నమస్తే అండి. మాది పి.గన్నవరం దగ్గర పల్లె. పెళ్లయ్యాక హైదరాబాద్‌లో ఉంటున్నాం. ఈ సంక్రాంతికి పాపని తీసుకుని పది రోజులు పుట్టింట్లో ఉండబోతున్నాను.

పాపకి ఎనిమిదేళ్లు. మా అపార్ట్‌మెంట్‌లో ఏసీ బయటి యూనిట్ వెనకాల ఒక ఉడుత గూడు పెట్టింది. స్కూల్ నుంచి రాగానే పాప కిటికీ దగ్గర కూర్చుని దాన్నే చూసేది. ఒకరోజు రిపేరుకి వచ్చినవాళ్లు ఆ గూడు పీకి కింద పారేశారు. అందులో పిల్లలు లేవు గానీ, పాప రెండ్రోజులు సరిగ్గా అన్నం తినలేదు. అప్పటినుంచి ఒక నోటుపుస్తకం పెట్టుకుని ఉడుత బొమ్మలు వేస్తోంది. "అమ్మమ్మ వాళ్ల తోటలో అయితే గూడు ఎవరూ పీకరు కదా" అని అడుగుతోంది.

దసరాకి వచ్చినప్పుడు భోజనాలయ్యాక తోటంతా తిప్పాను. రెండు గంటలు తిరిగితే కనబడింది ఒక్క తోక. చిన్నప్పుడు నేను రోజూ చూసినవే. ఎక్కడ చూశాను, ఏ వేళకి చూశాను అంటే మాత్రం గుర్తు రావడం లేదు. తోటలున్నవాళ్లు చెప్పండి. ఇంకో మాట, ఎర్రగా పిల్లి కంటే పొడుగ్గా ఉండే ఉడుత కూడా గోదావరి జిల్లాల్లో ఉందని మా బాబాయి అంటారు. అది కోనసీమలో కనిపిస్తుందా?

భీమేశ్వరుడి వీధి:

మాది ద్రాక్షారామం. గుడి ప్రాకారం రాళ్ల మీద ఎండ పడగానే ఉడుతలు వచ్చి వాలతాయి. జనానికి అలవాటుపడ్డవి కాబట్టి బాగా దగ్గరికి రానిస్తాయి. పండగ మూడు రోజులూ వద్దు, విపరీతమైన రద్దీ. మామూలు రోజు ఏడున్నరకల్లా రండి. పాపని పులిహోర మెతుకులు మాత్రం వేయనివ్వకండి, ఆ ఉప్పూ నూనే వాటికి మంచివి కావు.

కొబ్బరి కోకో రైతు:

అమ్మా, దసరాకి జరిగిన పొరపాట్లు రెండు. మధ్యాహ్నం వెళ్లడం ఒకటి, తిరగడం రెండోది. ఉడుతని వెతుక్కుంటూ వెళ్తే దొరకదు. మనం ఒకచోట కూర్చుంటే అదే వస్తుంది.

మాది అంబాజీపేట దగ్గర. రెండెకరాల కొబ్బరి, లోపల కోకో. ముప్పై ఏళ్లుగా పొద్దున్న లేస్తే నేను చూసేది వీటినే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ముందు వేళ సంగతి. సంక్రాంతి రోజుల్లో మన దగ్గర మంచు ఎక్కువ. మట్టల మీంచి మంచు టపటపా కారుతున్నంతసేపు ఉడుత గూట్లోంచి బయటికి రాదు. చెట్టు తలలోని మొవ్వుకి ఎండ తగిలాక దిగుతుంది. మా తోటలో ఏడుంబావు నుంచి తొమ్మిదిన్నర దాకా మంచి సమయం. మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి దీపాలు పెట్టే వేళ దాకా. వేసవిలో అయితే ఆరింటికే సందడి మొదలవుతుంది. పది దాటితే కొమ్మకి పొట్ట ఆనించి, నాలుగు కాళ్లూ చాపేసి నీడలో పడుకుంటాయి. ముసురు పట్టిన రోజు ఆశ పెట్టుకోకండి.

చోటు విషయానికొస్తే, తోట నడిమధ్యకి వెళ్లకండి. కొబ్బరి చెట్టు నిలువునా ముప్పై నలభై అడుగులు ఉంటుంది, పైన ఏం జరుగుతుందో కింద నుంచి తెలీదు. తోట అంచున, కొబ్బరి పక్కనే జామో సపోటానో అరటో ఉన్న చోటు చూసుకోండి. కొబ్బరి మీద కాపురం, జామ మీద భోజనం. ఆ రెండింటికీ మధ్య దానికో దారి ఉంటుంది, ఆ దారి సాధారణంగా మారదు. మా తోటలో ఒకటి మోటారు షెడ్డు రేకు మీంచి జామ కొమ్మకి, అక్కణ్నుంచి మూడో వరస కొబ్బరికి రోజూ అదే దారిన వెళ్తుంది. మొదటి రోజు దారి కనిపెట్టండి. రెండో రోజు నుంచి ఆ దారికి ఇరవై అడుగుల దూరంలో పీట వేసుకుని కూర్చోండి. అరటి గెల వేస్తున్న చెట్టుంటే ఇంకా మంచిది, పువ్వు రేక లేవగానే తేనె కోసం తల లోపలికి పెట్టేస్తుంది. అలాంటప్పుడు చుట్టుపక్కల ధ్యాసే ఉండదు దానికి.

మీ చూరుకి వరికుచ్చు కడతారు కదా, పిచ్చుకల కోసం. దాని మీదికి కూడా వస్తాయి. పాపని అరుగు మీద కూర్చోబెట్టి చూపించొచ్చు. వెనక్కాళ్లతో తాడు పట్టుకుని తలకిందులుగా వేలాడి, ముందు కాళ్లతో గింజ ఒలుచుకుంటుంది. చెట్టు దిగేటప్పుడు కూడా తల కిందికి పెట్టే దిగుతుంది. వెనక పాదం చీలమండ దగ్గర వెనక్కి తిరిగిపోతుంది, గోళ్లు బెరడులో దిగుతాయి, అందుకే జారదు. ముందు కాలికి వేళ్లు నాలుగు, వెనక కాలికి ఐదు. బొమ్మలు వేసే పిల్ల కాబట్టి ఇది చెప్పండి. వీపు మీద తెల్ల చారలు మూడు. ఉత్తరాదిలో ఎక్కువగా ఉండేది ఐదు చారల ఉడుత, మన తోటల్లోది మూడు చారలదే.

కళ్లకంటే ముందు చెవులకి పని చెప్పండి. ఒకే చోటి నుంచి "చిక్, చిక్, చిక్" అని ఆగకుండా అరుస్తూ, అరిచినప్పుడల్లా తోక ఎగరేస్తుంటే అది కబుర్లు చెప్పుకోవడం కాదు. పిల్లో, జెర్రిపోతో, జాలె డేగో వచ్చిందని అర్థం. ఆ అరుపు వినే మా కోళ్లని నేను ఎన్నోసార్లు గంప కింద పెట్టుకున్నాను.

గూడు కట్టడం చూడగలిగితే అంతకంటే అదృష్టం లేదు. మట్ట మొదట్లో చెట్టుకి చుట్టుకుని జల్లెడలాంటి పీచు ఉంటుంది కదా, దాన్ని పళ్లతో చీల్చి, ముందు కాళ్లతో బంతిలా చుట్టి, ఆ బంతిని నోట్లో కుక్కుకుని పరిగెడుతుంది. బంతి దాని తలకంటే పెద్దది. కిందటేడు మా ఆవిడ ఆరేసిన పాత దుప్పటి అంచు నుంచి దారాలు పీకి అలాగే చుట్టుకుపోయింది. మా ఆవిడ ఆ దుప్పటిని నెలరోజులు ఆ తీగ మీదే ఉంచేసింది.

నష్టం లేదని అనను. కోకో కాయకి చిల్లు పెట్టి, గింజ చుట్టూ ఉండే తియ్యటి గుజ్జు చప్పరించి గింజలు కింద ఉమ్మేస్తాయి. చిల్లు తొడిమ దగ్గరుంటే సాధారణంగా ఎలుక పని, కాయ నడుమ ఉంటే ఉడుత. మందు పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు, నేను పెట్టను. పండిన కాయని చెట్టు మీద ఉంచకుండా పది రోజులకోసారి కోసేస్తాను, దారికి దగ్గరగా ఉన్న కాయలకి చిల్లులున్న ప్లాస్టిక్ సంచులు తొడుగుతాను. మిగిలినదాంట్లో వాటి వాటా వాటిది. 1996 నవంబరు తుపానుకి మా తోటలో చెట్లన్నీ పడుకున్నాయి. ఆ తర్వాత చాలా రోజులు పొద్దున్న లేస్తే తోటలో ఒక్క చిక్కుమనే చప్పుడు లేదు. నేను విన్న నిశ్శబ్దాల్లో నన్ను బాగా భయపెట్టింది అదే. మళ్లీ మొదటిసారి ఆ అరుపు విన్న రోజు మా నాన్నగారిని లేపి మరీ వినిపించాను.

జాగ్రత్తలు రెండు. ఎండుమట్ట, గెల ఉన్న చెట్టు కింద పీట వేయకండి. కోకో ఆకులు మందంగా రాలి ఉంటాయి, రక్తపింజర వాటిలో కలిసిపోతుంది. పాపకి బూట్లు వేయండి, ఆకుల్లోకి దిగనివ్వకండి.

పెద్ద ఉడుత సంగతి నాకు అంతగా తెలియదు, మన్యం తిరిగినవాళ్లు చెప్తారు.

గోకవరం రోడ్డు:

మీ బాబాయిగారు చెప్పింది బెట్టుడుత. ఉన్న మాటే, కానీ డెల్టాలో కాదు. పాపికొండల అడవిలో, మారేడుమిల్లి వైపు ఉంటుంది. రాజమండ్రి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా సుమారు 85 కిలోమీటర్లు.

అది కొమ్మ మీంచి కొమ్మకే బతుకుతుంది, నేల మీదికి దిగడం అరుదు. ఇరవై అడుగుల దాకా దూకుతుంది. అందుకని చెట్ల తలలు ఒకదానికొకటి తగిలే అడవి కావాలి. మన కొబ్బరి తలలు విడివిడిగా ఉంటాయి కదా. వీపు ముదురు ఎరుపు, నలుపు, పొట్ట లేత మీగడ రంగు, తోక ఒంటికంటే పొడుగు. మహారాష్ట్రకి ఇదే రాష్ట్ర జంతువు, అక్కడ శేకరు అంటారు.

నేను ఫిబ్రవరిలో వెళ్లాను. రాత్రి మారేడుమిల్లిలో ఉండి, తెల్లవారగానే రోడ్డు పక్కన కారు ఆపి నిలబడ్డాం. ముందు గూళ్లు వెతికాను. పెద్ద చెట్టు చిటారున, పుల్లలూ ఆకులూ కలిపిన గుండ్రటి గూడు. ఒకే ఉడుత రెండు మూడు గూళ్లు కడుతుంది కాబట్టి గూడు కనబడినంత మాత్రాన లోపల ఉన్నట్టు కాదు. గంటన్నరకి పైనుంచి గిలక్కాయ ఆడించినట్టు గలగలమని అరుపు వచ్చింది. తలెత్తితే కొమ్మకి అటూ ఇటూ తోక వేలాడదీసి, కాయ తింటోంది. ఇరవై నిమిషాలు చూశాం. ఎనిమిదేళ్ల పాపకి ఘాట్ రోడ్డు, చలి కొంచెం కష్టమే. ఈసారికి తోటలో ఉడుతలు చాలు, రెండేళ్లు ఆగి తీసుకెళ్లండి.

వైనతేయ ఒడ్డు:

అందరికీ థాంక్స్ అండి. ఇప్పుడు అర్జంటుగా రాస్తున్నాను. ముక్కనుమ వెళ్లిన మర్నాడు కొబ్బరికాయల దింపు పెట్టించారు నాన్న. ఇందాక ఎండుమట్టలు కొడుతుంటే పీచు ముద్దలాంటిది కింద పడింది. లోపల రెండు పిల్లలు, కళ్లు తెరవలేదు, బొటనవేలంత ఉన్నాయి. దెబ్బ తగిలినట్టు లేదు గానీ చల్లగా ఉన్నాయి. పాప ఏడుస్తోంది. ఎవరో ఆవుపాలు పట్టమంటున్నారు. ఏం చెయ్యాలి?

కొబ్బరి కోకో రైతు:

పాలు పట్టకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మెత్తటి గుడ్డలో పెట్టి మీ రెండు చేతుల మధ్య పది నిమిషాలు వెచ్చగా ఉంచండి. మనిషి వాసన తగిలితే తల్లి వదిలేస్తుందనే మాట నమ్మకండి, వదలదు. పడిన ఆ పీచునే ఒక చిన్న బుట్టలో పరిచి, పిల్లల్ని పెట్టి, అదే చెట్టుకి మనిషి ఎత్తుకంటే పైన తాడుతో కట్టండి. చీమలు లేని వైపు కట్టండి. దింపు ఆ చెట్టు దగ్గర ఆపించండి. పిల్లిని ఇంట్లో వేసి తలుపు వేయండి. తర్వాత అందరూ అక్కణ్నుంచి దూరం జరగండి. తల్లి చూస్తూనే ఉంటుంది. చీకటి పడేలోపు రాకపోతే అటవీశాఖ వాళ్లకి ఫోన్ చేయండి, పెంచుకుందామని మాత్రం లోపలికి తీసుకెళ్లకండి.

వైనతేయ ఒడ్డు:

బుట్ట కట్టాం బాబాయ్ గారూ. నాన్న దింపు వాళ్లకి కూలీ ఇచ్చేసి, ఆ వరస రేపు చూసుకుందాం అన్నారు. పాపా నేనూ అరుగు మీద కూర్చున్నాం. నాలుగున్నరకి పక్క చెట్టు మీద అదే "చిక్, చిక్". చాలాసేపు అరిచింది, మేం కదల్లేదు. తర్వాత తలకిందులుగా దిగి బుట్ట అంచు మీద ఆగింది. లోపలికి వెళ్లి ఒకదాన్ని నోట కరుచుకుని వచ్చింది. మెడ కింద పిల్ల ఉండలా ముడుచుకుని ఉంది. రెండు చెట్ల అవతల మొవ్వులోకి వెళ్లిపోయింది. రెండోదాని కోసం రాదేమో అని నాకు గుండె ఆగినంత పనైంది. వచ్చింది. మధ్యలో పదకొండు నిమిషాలు పట్టిందని పాప నోటుపుస్తకంలో రాసుకుంది, పక్కన ఆ మూడో కొబ్బరి చెట్టు బొమ్మ వేస్తోంది.