హిరోషిమాలో ఆగస్టు 6 సాయంత్రం అమ్మ దీపం వదలాలి, కానీ మెట్లు దిగలేని పరిస్థితి

మాది అమలాపురం. అమ్మతో హిరోషిమా వెళ్తున్నాం. ఆగస్టు 5 రాత్రి ఒసాకా నుంచి షింకాన్‌సెన్ (బుల్లెట్ రైలు)లో అక్కడ దిగి, 7వ తేదీ ఉదయం తిరిగి బయలుదేరతాం.

హిరోషిమా ఒటా నది డెల్టాలోని ఊరు. ఫొటోల్లో పాయలూ వంతెనలూ చూసి అమ్మ "మన కోనసీమలానే ఉందే" అంది. 1945 ఆగస్టు 6 ఉదయం 8.15కి బాంబు పడితే, మూడు రోజులకే ఒక మార్గంలో ట్రాములు మళ్లీ నడిచాయని చదివి వినిపించాను. అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఏటా ఆ సాయంత్రం అణుబాంబు గోపురం (బాంబుకు శిథిలమై, స్మారకంగా అలాగే ఉంచిన భవనం) దగ్గర మొతోయాసు నదిలో చనిపోయినవాళ్ల కోసం కాగితం లాంతర్లు వదులుతారు. ప్రతి కార్తీకంలో కోటిపల్లి రేవులో అరటి దొప్పలో దీపం వదిలే మనిషి కదా, అక్కడా తన చేత్తో ఒకటి వదలాలంటోంది. ఈ ఒక్క కోరికైనా తీర్చాలని నాకూ గట్టిగా ఉంది.

అమ్మకు 68 ఏళ్లు. పోయిన నవంబరులో కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. మెల్లగా కిలోమీటరు నడుస్తుంది కానీ, 20 నిమిషాలకు మించి నిలబడితే వాపు వస్తుంది. రైలింగ్ లేని మెట్లు దిగలేదు. వీడియోల్లో చూస్తే ఒడ్డున రాతిమెట్లు, పొడవాటి క్యూ. అదే టెన్షన్.

నిర్వాహకులకు రెండుసార్లు మెయిల్ పెట్టాను, జవాబు లేదు. హోటల్‌కి ఫోన్ చేస్తే "రద్దీగా ఉంటుంది" అన్నారంతే. మ్యాపులో ఒడ్డు ఫొటోలన్నీ మామూలు రోజులవి. మడత కుర్చీ మాత్రం తీసుకెళ్తున్నాం.

ఆ సాయంత్రం అక్కడికి వెళ్లినవాళ్లు చెప్పండి: మెట్లు దిగకుండా, ఎక్కువసేపు నిలబడకుండా అమ్మ లాంతరు వదలాలంటే నది ఏ ఒడ్డుకి, ఎన్ని గంటలకు చేరాలి?