సమస్యాపూరణం: "మింట మబ్బు లేక యింట వాన"

నిర్వాహకుడు:

ఈ వారం సమస్య, అంటే మిగిలిన పాదాలు కూర్చి మీరు పూరించవలసిన పాదం, ఆటవెలది పద్యపు నాలుగో పాదం.

మింట మబ్బు లేక యింట వాన

5 సూర్యగణాలూ (మూడు లఘువులో, గురువు వెంట లఘువో ఉండే గణాలు) సరిపోయాయి. పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో కుదిరే పొంతన యతి; దానికి బదులు ఆ రెండుచోట్లా రెండో అక్షరాలు కలిస్తే ప్రాసయతి. మింట, యింట అన్నచోట ప్రాసయతి చెల్లింది. మబ్బు లేని వాన అసంభవమని కొందరికి తోచవచ్చు గానీ, ఉమ్మడి భవనంలో కాపురమున్నవారికి అది వింత కాదు. మా పడకగది కప్పు మీద మొదట అరచేయంత మేర తెల్లని ఉప్పు పొర కట్టింది, 2 నెలలకు సున్నం ఉబ్బి రాలింది, తరువాత ఒక రాత్రి దీపపు గిన్నెలోనే నీళ్లు నిలిచాయి. 3 ఫిర్యాదులు రాసిన మీదట సంఘం పంపిన మనిషి ఆ మచ్చ మీద రంగు వేసి వెళ్లాడు. అందుచేత పూరణకు ఒక్క నియమం పెడుతున్నాను: ఆ నీరు ఎక్కడ బయలుదేరిందో, ఏ దారిన వచ్చిందో పద్యంలో కనబడాలి. కారణం చెప్పని పూరణ మచ్చ మీద పూసిన రంగు వంటిది.

మొదటి పూరణ, మూడో అంతస్తు సభ్యుడు:

పైని యింటివారి పగిలిన గొట్టము
కారి కారి మాదు కప్పు తడిసె
మాది కాదటంచు మాటాడి రందరు
మింట మబ్బు లేక యింట వాన

నిర్వాహకుడు:

గణాలు, యతులు నిర్దుష్టంగా ఉన్నాయి. మూడో పాదం పద్యానికి ప్రాణం, ఎందుకంటే ఒకరి నేల మరొకరి కప్పు అయిన చోట ఆ మధ్యనున్న జానెడు మందం ఎవరిదన్న ప్రశ్న తేలకపోతే పని ఎన్నటికీ మొదలు కాదు. అయితే మొదటి పాదం పరీక్ష జరగకముందే తీర్పు చెప్పింది. చుక్క పగలూ రాత్రీ ఒకే తీరుగా పడుతుంటే మంచినీటి గొట్టాన్ని ముందు అనుమానించాలి. స్నానాల వేళ మాత్రమే పడుతుంటే మురుగునీటి గొట్టాన్నో, నేల అతుకులనో చూడాలి. పై ఇంటి కవాటాన్ని ఒక రోజు కట్టి ఉంచినా చుక్క ఆగకపోతే, తప్పు ఆ ఇంటిది కాక అన్ని అంతస్తులకూ నిలువుగా పోయే ఉమ్మడి గొట్టానిది కావచ్చు. ఆ పరీక్ష చేయకుండా పొరుగువారిని నిందించడం వల్లనే ఎన్నో భవనాల్లో పైవారికీ కిందివారికీ మాటలు నిలిచిపోయాయి. ఈ పాదాన్ని పరిశీలించండి:

అందరికిని చెందు నా పెద్ద గొట్టము

మూడో అంతస్తు సభ్యుడు:

సవరణ శిరోధార్యం. "చెందు నా" అన్నచోట యతి ఎలా కుదిరిందో దయచేసి వివరించండి.

నిర్వాహకుడు:

చెందు, ఆ అన్నవి రెండు పదాలు. ఉకారాంతమైన తద్ధర్మ విశేషణానికి (ఇక్కడ "చెందే" అన్న అర్థంలోని "చెందు"కు) అచ్చు పరమైతే నుగాగమం, అంటే మధ్యలో అదనంగా ఒక నకారం, వస్తుంది. నకారం ఆగమం గనుక ఆకారానికే, "అందరికిని"లోని అకారంతో, యతి చెల్లుతుంది.

రెండో పూరణ, పై అంతస్తు సభ్యురాలు:

తొట్టి నిండినంత తొణకుచు పొరలగ
పంపు నాపువారు పలుక రైరి
బంతి విరిగిపోయి పక్షమ్ము గడచెను
మింట మబ్బు లేక యింట వాన

నిర్వాహకుడు:

బంతి అన్న చిన్న మాటతో మీరు కారణాన్ని సూటిగా పట్టుకున్నారు. తొట్టిలో నీటితో పాటు తేలి, నిండగానే ధారను కట్టివేయవలసిన ఆ బంతి విరిగితే, మిగిలిన భారమంతా పంపు కట్టే మనిషి మీద పడుతుంది. అతనికి మరో 10 పనులు అప్పగించినవారు ఈ సంగతి ఆలోచించరు. మొదటి పాదంలో తొణకడం, పొరలడం రెండూ దగ్గరి అర్థాలే కనుక ఒకటి వ్యర్థమైంది. "తొట్టి నిండి గోడ దుముకగ నీరము" అంటే నీరు కళ్లకు కడుతుంది, యతీ నిలుస్తుంది.

మూడో పూరణ, నాలుగో అంతస్తు సభ్యుడు:

ఆకు లడ్డుపడిన యా మేడ తూమున
నిలిచినట్టి నీరు నెర్రె దూరె
వాన వెలసి రెండు వారమ్ము లైనను
మింట మబ్బు లేక యింట వాన

నిర్వాహకుడు:

ఇంతవరకు వచ్చిన వాటిలో నాకు ఎక్కువగా నచ్చినది ఇదే. నీరు నడిచిన దారి మొత్తం, ఆకు మొదలు నెర్రె దాకా, రెండు పాదాల్లో ఇమిడింది. "ఆ" అన్నది యతి కోసం వచ్చినదే అయినా, అందరిదీ అయినందువల్ల ఎవరూ ఎక్కి చూడని మేడను వేలెత్తి చూపినట్టుంది గనుక ఉండనివ్వండి. ఆ ఆకులను వానకు ముందు ఒక మనిషి ఒక పూటలో తీసివేయగలడు. తీయకపోతే నిలిచిన నీరు కాంక్రీటులోకి దిగి కడ్డీలను తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి లోపలినుంచి నెట్టి కప్పును పెళ్లలుగా రాలుస్తుంది. అప్పుడు కావలసిన సొమ్ము నిల్వనిధిలో ఉండదు, ఎందుకంటే అంతకుముందే దాన్ని ముఖద్వారం అలంకరణకు ఖర్చు చేసి ఉంటారు. మా సర్వసభ్య సమావేశంలో మేడ మరమ్మతు వరుసగా 3 ఏళ్లు "వచ్చేసారి చూద్దాం" అన్న మాటతోనే ముగిసింది.

మరొక సభ్యుడు పంపిన పూరణలో కార్యవర్గం మీద నిందలే తప్ప నీటి జాడ లేదు. ఆయన ఆవేదన న్యాయమైనదే అయినా దాన్ని స్వీకరించలేకపోయాను.

నాలుగో పూరణ, ఐదో అంతస్తు సభ్యురాలు:

అమ్మ మెట్లు దిగగ నలవిగాక వగచె
లిఫ్టు నిలిచిపోయి మాస మయ్యె
కనులె మబ్బు లయ్యె గదియెల్ల తడియగ
మింట మబ్బు లేక యింట వాన

ఇందులో గొట్టం లేదు. నియమం తప్పానేమో తెలియదు.

నిర్వాహకుడు:

తప్పలేదు. నీరు ఎక్కడ బయలుదేరిందో మూడో పాదం చెప్పింది, ఎందుకు బయలుదేరిందో రెండో పాదం చెప్పింది. అయితే ఆ రెండో పాదంలో "లి"కి "మా" యతి చెల్లదు. "లిఫ్టు చెడిన నాటి లెక్క లేదు" అని మార్చవచ్చు. ఏ రోజు చెడింది, ఎవరికి కబురు చేశారు, ఎవరు వచ్చి చూశారు అన్నవి రాసే పుస్తకమే చాలా చోట్ల ఉండదు గనుక అది నిజమూ అవుతుంది.

ఐదో అంతస్తు సభ్యురాలు:

క్షమించండి, మా ఇంట లెక్క ఉంది. నేటికి 31 రోజులు. అమ్మ మోకాళ్ల వైద్యానికి వెళ్లవలసిన 2 తేదీలు ఈలోగా దాటిపోయాయి. రెండోసారి ఆమె చీర కట్టుకుని, చేతికర్ర పట్టుకుని లిఫ్టు తలుపు దాకా వచ్చి, దాని మీద అంటించిన కాగితం చదివి వెనక్కి తిరిగింది. యతి కోసం ఆ నెలను వదులుకోలేను.

నిర్వాహకుడు:

మీ మాటే సరైనది. నెల అన్న మాటనే పాదం మొదటికి తెచ్చి ప్రయత్నించండి. "నె"కు "ని" యతి చెల్లుతుంది.

ఐదో అంతస్తు సభ్యురాలు:

అమ్మ మెట్లు దిగగ నలవిగాక వగచె
నెల గడిచియు లిఫ్టు నిలిచి యుండె
కనులె మబ్బు లయ్యె గదియెల్ల తడియగ
మింట మబ్బు లేక యింట వాన

నిర్వాహకుడు:

స్వీకరించాను. ఈ పద్యాన్ని రేపటి సమావేశంలో ఫిర్యాదు పత్రంతో పాటు చదవడానికి మీ అనుమతి కోరుతున్నాను.