బార్తెల్ స్కోరు పెరిగింది, పేషెంటు మాత్రం "ఏం బాగుపడ్డానమ్మా" అంటున్నారు. అసలు ఏం కొలవాలి?

రాజోలు_ఓటీ:
అందరికీ నమస్తే అండి. నేను రాజోలు చుట్టుపక్కల ఊళ్లలో ఇళ్లకి వెళ్లి ఆక్యుపేషనల్ థెరపీ చేస్తుంటాను, అంటే జబ్బు చేసినవాళ్లు రోజువారీ పనులు మళ్లీ సొంతంగా చేసుకునేలా నేర్పించడం. అరవై దాటిన ఒక కొబ్బరి రైతు, పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మాట మాత్రం బానే ఉంది. మొదట్లో బార్తెల్ ఇండెక్స్ (తిండి, స్నానం, నడక లాంటి పనులు ఎంత సొంతంగా చేసుకుంటున్నారో వందకి వేసే స్కోరు) 45, మూడు నెలలకి 75 అయ్యింది. నాకు భలే సంతోషమేసి ఫైలు తీసి "చూడండి బాబాయిగారూ ఎంత పెరిగిందో" అన్నాను. ఆయన కాసేపు చూసి "మొన్న మా మేనకోడలి కూతురి పెళ్లికి వెళ్లలేదమ్మా, పంక్తిలో కూర్చుని ఎడం చేత్తో స్పూనుతో ఎలా తింటాను, దానికెన్ని మార్కులేశావు" అన్నారు. ఇంటికొచ్చి చూసుకుంటే తిండి దగ్గర నేను పదికి పది వేసేశానండి. ఎడం చేత్తో అయినా ఎవరి సాయం లేకుండా తింటున్నారు కాబట్టి ఆ స్కేలు ప్రకారం అది కరెక్టే, కానీ ఆ రాత్రంతా అదే మాట బుర్రలో తిరిగింది.
ఆయనకి కావాల్సినవి మూడే. కుడి చేత్తో అన్నం కలుపుకు తినడం, పంచె తనే కట్టుకోవడం, సఖినేటిపల్లి రేవులో పంటెక్కి (గోదావరి దాటించే పెద్ద పడవ) నరసాపురం వెళ్లి రావడం. కొడుకేమో "బాత్రూంకి సొంతంగా వెళ్తే చాలండి, ఎన్నాళ్లు డబ్బులు కట్టాలి" అంటున్నారు. ఇలా ఒక మనిషికి సొంతమైన గోల్స్‌ని నంబర్లలో ఎలా చూపిస్తారు? చేసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

గట్టుమీద_ఓటీ:
అమ్మా, మంచి పేషెంటు దొరికారు నీకు, మనకి ఎక్కడ తప్పుతోందో ఒక్క మాటలో చెప్పేశారు. బార్తెల్ 1965 నాటిది, ఎంత సాయం కావాలి అన్నదే చూస్తుంది, దానికి అది బంగారం లాంటిది, పారెయ్యకు. కానీ ఈయన అడిగేది వేరు. దీనికి గోల్ అటెయిన్‌మెంట్ స్కేలింగ్ వాడు, మేం గ్యాస్ అంటాం. 1968లో కిరెసుక్, షెర్మన్ అనేవాళ్లు మానసిక ఆరోగ్య సేవల కోసం తెచ్చారు, తర్వాత రీహాబ్‌లోకి బాగా వచ్చింది. ఒక్కో గోల్‌కి ఐదు మెట్లు రాస్తావు, -2 నుంచి +2 దాకా. సున్నా అంటే అనుకున్న తేదీకి అనుకున్నంత వచ్చింది అని. ఇప్పుడున్న స్థితి మామూలుగా -2 లో పెడతారు, ఇంకా దిగజారే అవకాశం ఉంటే -1 లో. మెట్లన్నీ థెరపీ మొదలెట్టే ముందే రాయాలి, తర్వాత రాస్తే మనకి తెలీకుండానే వచ్చిన ఫలితానికి తగ్గట్టు రాసేస్తాం.
మూడు గోల్స్‌నీ కలిపి టీ స్కోరు అని ఒక నంబరు తియ్యొచ్చు. మూడింటికీ సమాన వెయిట్ ఇస్తే, అన్నీ -2 లో ఉన్నప్పుడు సుమారు 22.6 వస్తుంది, అన్నీ సున్నాకి చేరితే 50. కొడుక్కి ఆ నంబరు చూపించు, పెద్దాయనకి మాత్రం మెట్లే చూపించు.

లేసుపువ్వు:
నేను థెరపిస్టుని కాదండి, నరసాపురం దగ్గర మా అమ్మ లేసు అల్లుతుంది. మణికట్టు విరిగి కట్టు విప్పాక ఒక క్లినిక్‌లో వెళ్లిన ప్రతిసారీ పిడికిలి బలం కేజీల్లో చూసి పెరిగింది పెరిగింది అనేవాళ్లు. అమ్మ ఇంటికొచ్చి కొక్కెం పట్టుకుంటే బొటనవేలూ చూపుడువేలూ పది నిమిషాలకే వణికి దారం జారిపోయేది, పీసు లెక్కన డబ్బులిస్తారు కదా, కేజీలు పెరిగితే పీసు పూర్తవదు. తర్వాత చూసిన ఇంకో ఆవిడ సంచిలోంచి అమ్మ దారం కండె బయటికి తీయించి "ఆపకుండా ఎన్ని పువ్వులు అల్లుతావమ్మా" అని అడిగింది. రెండు అంది అమ్మ. అవే రాసుకుంది ఆవిడ. ఆ రోజు నుంచి అమ్మ ఎక్సర్‌సైజులు మేం చెప్పకుండానే చేసింది. మీ పెద్దాయన పంక్తి మాట చదివితే అమ్మే గుర్తొచ్చింది, అందుకే రాశాను.

రాజోలు_ఓటీ:
లేసుపువ్వు గారూ, ఇది మా స్టూడెంట్స్‌కి కూడా చెప్తానండి. గట్టుమీద గారూ, ఒకటి రాశాను చూడండి. -2: రెండు ముద్దలకే చెయ్యి మార్చేస్తారు. -1: ఐదు ముద్దలు, కొంచెం కింద పడుతుంది. 0: పది ముద్దలు, పావుగంటలో. +1: భోజనం సగం, ఎవరూ గుర్తుచెయ్యకుండా. +2: మొత్తం భోజనం పంక్తిలో.

గట్టుమీద_ఓటీ:
ఇందులో నాలుగు కొలతలు కలిసిపోయాయమ్మా. ముద్దలు, కింద పడటం, టైము, గుర్తుచెయ్యడం. రేపు పది ముద్దలు తిని అరగంట పడితే ఏ మెట్టులో వేస్తావు? ఒక గోల్‌కి ఒక్కటే మారాలి, మిగతావన్నీ కదలకూడదు. అదే పళ్లెం, అదే పీట, అదే టైము అని పైన రాసేసుకో. మెట్టుకీ మెట్టుకీ మధ్య ఖాళీ కూడా ఉండకూడదు, ఏడు ముద్దలు తింటే ఎక్కడ వెయ్యాలో నీ కాగితంలో లేదు చూడు.

ఫిజియో_పాలకొల్లు:
ఒక సందేహం. గోల్ పెట్టేదీ మనమే, మార్కులేసేదీ మనమే. తేలికైన గోల్ పెట్టుకుంటే ఎవరికైనా 50 వస్తుంది కదా, ఈ పేషెంటు స్కోరు ఆ పేషెంటుతో పోల్చితే తప్పు కాదా?

గట్టుమీద_ఓటీ:
పోల్చకూడదనే నేనూ అంటాను. ఇది ఆ మనిషి తను అనుకున్న చోటికి ఎంత దగ్గరయ్యాడో చెప్తుంది, అంతే. మెట్లు రాశాక ఇంకో థెరపిస్టుకి చూపించి, వీలైతే మార్కులు కూడా వాళ్లతోనే వేయించాలి. పక్కన సీఓపీఎం కూడా చేస్తే మంచిది, అదే కనేడియన్ ఆక్యుపేషనల్ పెర్ఫార్మెన్స్ మెజర్, 1991లో వచ్చింది. అందులో పేషెంటే ఒక్కో పని ఎంత బాగా చేస్తున్నారో, ఎంత తృప్తిగా ఉందో 1 నుంచి 10 లో చెప్తారు, 2 పాయింట్లు అంతకన్నా ఎక్కువ మారితే పట్టించుకోవాల్సిన మార్పు కింద లెక్క. ఫారం కొనుక్కోవాలి. పెద్దవాళ్లకి 1 నుంచి 10 అంటే అర్థం కాకపోతే మంచం మీద పది రూపాయి బిళ్లలు పరిచి ఎన్ని తీసుకుంటారో చూడు, నేను చాలాసార్లు చేశాను. కొడుకు మాట కూడా కొట్టెయ్యకు, ఆయన గోల్ వేరే కాగితం మీద రాయి, తండ్రి కాగితంలో కలపకు.

రాజోలు_ఓటీ:
నిన్న వెళ్లానండి. ముద్దల లెక్క చెప్తే బాబాయిగారు ఒప్పుకోలేదు. "ముద్దలెవరు లెక్కెడతారమ్మా, పంక్తిలో వడ్డన వరస ఉంటదిగా, ఎందాకా కుడి చెయ్యి లాగిందో అది రాయి" అన్నారు. ఇద్దరం కూర్చుని రాశాం. -2: పప్పన్నం మధ్యలోనే చెయ్యి మార్చడం, ఇప్పుడున్నది ఇదే. -1: పప్పన్నం పూర్తి. 0: కూరన్నం పూర్తి. +1: పులుసన్నం పూర్తి. +2: పెరుగన్నం దాకా. మధ్యలో ఆగిపోతే కింద మెట్టే లెక్క. వరసలో వెనక్కి వెళ్లేకొద్దీ అన్నం పలచనై వేళ్లలోంచి జారుతుంది కాబట్టి కష్టం కూడా దానంతటదే పెరుగుతోంది, నాకు తట్టలేదండి ఇది. అంచున్న పళ్లెం, పీట మీద కూర్చోవడం, పన్నెండు వారాలు అని పైన రాశాం.
బిళ్లలు పరిస్తే తిండి తృప్తికి ఒక్కటే తీసుకుని మిగతా తొమ్మిదీ నా వైపు నెట్టేశారు. ఆయన భార్య వంటింట్లోంచి వచ్చి కాగితం చూసి, రోజూ మధ్యాహ్నం వడ్డించేది నేనే కదా, టిక్కులు నేను పెడతాను అన్నారు. పెన్ను ఆవిడకిచ్చి వచ్చాను. పంచె, పంటు గోల్స్ బుధవారం రాస్తాం, రాశాక ఇక్కడ పెడతాను, చూసి తప్పులు చెప్పండి.