అప్‌డేట్: ఆ దురద ఫంగస్ కాదు, లైకెన్ స్క్లెరోసస్

ముట్లు ఆగాక యోని బయటి భాగంలో రాత్రుళ్లు నిద్ర పట్టనివ్వని దురద, తెల్లటి మచ్చలు, ఫంగస్ క్రీములకి లొంగట్లేదు, బొల్లా ఏంటని అడిగాను కదా. చర్మం డాక్టరమ్మ చూసి లైకెన్ స్క్లెరోసస్ అన్నారు, అంటే చర్మం వాచి తెల్లబడే దీర్ఘకాలిక చర్మవ్యాధి. ఒకచోట చర్మం మందంగా ఉందని బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్ష) చేశారు, క్యాన్సర్ లేదు. అంటువ్యాధి కాదు, మా ఆయనకి రాదు. థైరాయిడ్ కూడా పరీక్షించారు, ఈ జబ్బున్నవాళ్లలో అది కాస్త ఎక్కువట.

మందు క్లోబెటసాల్ 0.05 శాతం ఆయింట్‌మెంట్. మొదటి 4 వారాలు రోజూ రాత్రి, తర్వాత 4 వారాలు రోజు విడిచి రోజు, ఆపై 4 వారాలు వారానికి రెండుసార్లు. డబ్బా మీద "స్టిరాయిడ్" అని చూసి మా అక్క హడలిపోయింది. నేనూ అడిగాను. 30 గ్రాముల ట్యూబు మూడు నెలలు వస్తే మోతాదు సరిగ్గా ఉన్నట్టేనట, దానికి భయపడి మానేస్తేనే నష్టమట: చర్మం అతుక్కుపోయి దారి ఇరుకవుతుంది, కొద్దిమందిలో క్యాన్సర్‌కీ దారితీస్తుంది. అందుకే తగ్గినా ఏడాదికోసారి చూపించుకోవాలి.

దురద చాలావరకు పోయింది. తెల్లదనం ఇంకా ఉంది, మొత్తం పోకపోవచ్చన్నారు. సబ్బు మానేసి మాయిశ్చరైజర్‌తో కడుగుతున్నా, లోదుస్తులు నూలువే వేసుకుంటున్నా. వేపాకు నీళ్లు, పసుపు చెప్పినవాళ్లకి దండం, పుండు మీద అవి మంట పుట్టించాయంతే!

కలయిక గురించి అడిగినవాళ్లకి: పగుళ్లు మానేదాకా ఆగాం.