అప్‌డేట్: నిజాం పాలనకు ఏ మాట వాడాలని అడిగాను కదా

మా అమ్మాయి తెలంగాణ సాయుధ పోరాటం ప్రాజెక్టులో నిరంకుశత్వం, నియంతృత్వం రెండూ కలగాపులగంగా రాసింది, ఏది సరైనదని మొన్న అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

1911 నుంచి 1948 దాకా ఏలిన మీర్ ఉస్మాన్ అలీఖాన్‌ది నిరంకుశత్వం అనే రాశాం. తండ్రి నుంచి వచ్చిన గద్దె, అడ్డు చెప్పగల చట్టసభ లేదు. అంకుశం లేని ఏనుగే మరి. నియంతృత్వాన్ని హిట్లర్, ముస్సోలినీలకు వదిలేశాం.

మీలో ఒకరు సూచించిన 'దొరతనం' (ఊరి దొర పెత్తనం) మాత్రం మాకు బాగా నచ్చింది. కడవెండి ఊరి రైతుకు హైదరాబాద్‌లో ఉన్న నిజాం ఎప్పుడు కనిపించాడు? అతను చూసిందల్లా విసునూరు దేశముఖ్ (పెద్ద భూస్వామి) గడి, అంటే కోటలాంటి ఇల్లు, కూలి లేని వెట్టి చాకిరీ. 1946 జూలై 4న ఆ ఊళ్లో పోరాటంలో ఉన్న దొడ్డి కొమరయ్య ప్రాణం తీసింది కూడా ఆ దేశముఖ్ మనుషుల తుపాకులే. (పాత పుస్తకాల్లో దొరతనం అంటే మామూలుగా ప్రభుత్వమేనట. ఇది నాకు కొత్త.)

అందుకే ఊరి సంగతులున్న పేజీలన్నిటిలో దొరతనం, గడి, వెట్టి అనే ఉంచాం. టీచర్ దొరతనం కింద గీత గీసి 'యాస' అని రాశారు. మా అమ్మాయి మార్చనంది, నేనూ సరే అన్నాను.