ఆస్‌బెస్టాస్ ఉన్న పాత ఇల్లు: కదపకుండా ఉంచుకుంటే చాలా, అసలు కొనకూడదా?

కొత్తగడప

ఒక పాత ఇల్లు చూశాం. గోడలు, వెలుతురు, గదుల అమరిక అన్నీ నచ్చాయి. తనిఖీ చేసిన ఇంజనీరు మాత్రం మూడు చోట్ల "ఆస్‌బెస్టాస్ కావచ్చు" అని రాసిచ్చాడు: వెనక షెడ్డు మీది సిమెంటు రేకులు, వంటింటి పాత నేలపలకల కింద ఉన్న నల్ల జిగురు, వేడినీళ్ల పైపుకు చుట్టిన తెల్లటి తొడుగు. తొడుగు ఒక మలుపు దగ్గర చిరిగి వేలాడుతోంది.

అమ్మేవాళ్లు "ముట్టుకోకపోతే ఏమీ కాదు, మా పిల్లలు ఇక్కడే పెరిగారు" అంటున్నారు. మా అన్నయ్య "ఆ పేరు వినపడ్డాక ఇంకా ఆలోచనేంటి, వదిలేయ్" అంటున్నాడు. మాకు మూడేళ్ల పాప ఉంది. కొన్నాక వంటిల్లు మార్పించాలని కూడా అనుకుంటున్నాం. ఫొటోలు పెట్టాను. చూసి చెప్పగలరా?

గోడచెవి

పాత కట్టడాల మరమ్మతులే నా పని కాబట్టి చెబుతున్నా. ఆ మూడిటినీ ఒకే గాటన కట్టకండి.

ఆస్‌బెస్టాస్ అంటే రాతి నుంచి తీసే సన్నని పీచు, గాల్లో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతేనే గొడవ. రేకులో ఆ పీచు సిమెంటుతో కలిసి గట్టిగా బిగుసుకుని ఉంటుంది, అదీ మామూలుగా 10–15 శాతం. పగలనంత వరకు, కొయ్యనంత వరకు దానినుంచి గాల్లోకి వచ్చేది చాలా తక్కువ. నేల జిగురూ అలాంటిదే, గీకితేనో అరగదీస్తేనో గొడవ. పైపు తొడుగు సంగతి వేరు. వేళ్లతో నలిపితే పొడి అయ్యే సరుకు అది, అందులో పీచు పాలు కూడా చాలా ఎక్కువ ఉండొచ్చు. పైగా చిరిగింది అంటున్నారు. నేనైతే ముందు దాని సంగతే తేల్చుకుంటాను.

బ్రిటన్‌లో ఈ వ్యవహారాలు చూసే హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్ సలహా కూడా ఇదే: బాగున్నదాన్ని, ఎవరూ కదిలించే పని లేనిదాన్ని అలాగే ఉంచండి, ఎక్కడుందో రాసిపెట్టుకోండి, అప్పుడప్పుడు చూసుకోండి. భయపడి ఎవరో ఒకరిని పిలిచి పగలగొట్టిస్తే, అప్పటిదాకా లేని దుమ్ము ఆ ఒక్క రోజులో ఇల్లంతా పరుచుకుంటుంది.

నిలదీత

> బాగున్నదాన్ని, ఎవరూ కదిలించే పని లేనిదాన్ని

అలాంటిది ఏ ఇంట్లో ఉంటుందండీ? ఇల్లేమైనా మ్యూజియమా? ఏసీ పైపు కోసం గోడకు బెజ్జం పెట్టేవాడొస్తాడు. కేబులు లాగడానికి ఇంకొకడొస్తాడు. గాలివానకు రేకు చిట్లుతుంది. వచ్చినవాళ్లెవరూ మీ అల్మారాలోని రిపోర్టు తీసి చదివి పని మొదలుపెట్టరు. రేపు మీరు అమ్మితే కొన్నవాడికి ఆ కాగితం చేరుతుందన్న నమ్మకమూ లేదు.

ఆస్ట్రేలియాలోని కాన్‌బెరా ఉదంతం చూడండి. అక్కడ 1960లు, 70లలో గోధుమరంగు ఆస్‌బెస్టాస్‌ను వదులు పీచుగానే ఇళ్ల అటకల్లోకి ఊదించారు, వేడి ఆపడానికి. 1980ల చివర ప్రభుత్వమే పూనుకుని ఇంటింటికీ శుభ్రం చేయించింది. అయిపోయిందనుకున్నారు. గోడల మధ్య సందుల్లో ఇంకా మిగిలే ఉందని తర్వాత బయటపడింది. 2014లో వెయ్యికి పైగా ఇళ్లను ప్రభుత్వమే కొని కూల్చేసే పథకం ప్రకటించాల్సి వచ్చింది. "అదుపులో ఉంది" అనే మాట అంత గట్టిదన్నమాట!

పోలండ్ 2032కల్లా దేశం మొత్తం మీద తీసేయాలని గడువు పెట్టుకుంది. బ్రిటన్‌లోనే పార్లమెంటు కమిటీ ఒకటి 2022లో 40 ఏళ్ల గడువు పెట్టి తీయించమంది. ఉంచుకుంటే సరిపోయేదైతే ఇదంతా ఎందుకు?

గోడచెవి

నిలదీత గారూ, కాన్‌బెరాలో ఊదినది వదులు పీచు. సిమెంటులో గట్టిపడిన రేకుకూ దానికీ పోలిక పెట్టకండి. ఆ కమిటీ మాట్లాడింది ప్రభుత్వ భవనాలు, వ్యాపార భవనాల గురించి, ఇళ్ల గురించి కాదు. ఆ గడువును అక్కడి ప్రభుత్వం ఒప్పుకోనూ లేదు. సగం చెప్పి భయపెట్టడం దేనికి?

పాతకాపు

ఇన్ని కబుర్లెందుకు. మా ఇంట్లో మూడు తరాలు ఆ రేకుల కిందే బతికాయి. ఎవరికీ ఏమీ కాలేదు. తాతగారు నిండు నూరేళ్లూ ఉండే పోయారు. ఈ భయాలన్నీ తీసేసే కంపెనీలు పుట్టించినవి.

సూక్ష్మదర్శని

నేను ల్యాబ్‌లో ఈ నమూనాలే చూస్తాను.

పాతకాపు గారూ, మీవాళ్లు బాగున్నందుకు సంతోషం. రేకుల కింద ఊరికే కూర్చున్నవాళ్లకు ముప్పు తక్కువే, అది నేనూ కాదనను. కానీ మీసోథెలియోమా అనే క్యాన్సర్ పీచు పీల్చిన 20 నుంచి 50 ఏళ్ల తర్వాత కనపడుతుంది. అది వచ్చినవాళ్లలో గని కార్మికులు, పైపు తొడుగులు చుట్టినవాళ్లతో పాటు, వాళ్ల పని బట్టలు దులిపి ఉతికిన ఇంటి ఆడవాళ్లూ ఉన్నారు. అన్ని రకాల ఆస్‌బెస్టాస్‌నూ క్యాన్సర్ పరిశోధనల అంతర్జాతీయ సంస్థ మొదటి వర్గంలోనే పెట్టింది, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన వర్గం. పొగతాగేవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఇంకా పెరిగిపోతుంది. దీన్ని పుట్టించింది కంపెనీలు కాదు.

ఇక కొత్తగడప గారి ఫొటోలు. చూడను, చూసినా చెప్పలేను. కంటితో ఎవరూ చెప్పలేరు. అదే రంగు, అదే గరుకు ఉన్న రేకు సెల్యులోజ్ పీచుతో చేసిందీ అయ్యుండొచ్చు. చిన్న ముక్కను ధ్రువిత కాంతి మైక్రోస్కోపు కింద పెట్టి చూడాలి. నేలపలకల్లో పీచు ఒక్కోసారి మరీ సన్నగా ఉండి దానికి కూడా దొరకదు. అందుకని పలక "లేదు" అని వచ్చిందంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ఇంకోసారి చూపించుకోవడం మంచిది. పలక వేరు, జిగురు వేరు. రెండూ కలిపి ఒకే నమూనాగా పంపకండి.

కట్టిన సంవత్సరం ఒక ఆచూకీ ఇస్తుంది, అంతే. బ్రిటన్ ఆస్‌బెస్టాస్‌లోని నీలం, గోధుమ రకాలను 1985లో, తెల్లదాన్ని 1999లో నిషేధించింది. ఆస్ట్రేలియా 2003 చివర పూర్తిగా ఆపింది. అమెరికాలో 1989లో పెట్టిన నిషేధాన్ని 1991లో కోర్టు చాలామటుకు కొట్టేసింది. అక్కడ తెల్ల రకం మీద మళ్లీ నిషేధం ప్రకటించింది 2024లో. భారత్ లాంటి చోట్ల తెల్ల రకంతో సిమెంటు రేకులు ఇప్పటికీ తయారవుతున్నాయి. కాబట్టి "ఇల్లు అంత పాతది కాదులే" అని ఊరుకోవడానికి లేదు. నిషేధానికి ముందు కొని నిల్వ ఉంచిన సరుకు తర్వాత వాడి ఉండొచ్చు కూడా.

చిలకపచ్చ

మూడేళ్ల పాప ఉందని మొదటి పోస్టులోనే రాశారు. అది చదివాక కూడా అందరూ షెడ్డు రేకులు పట్టుకు వేలాడుతున్నారు. కిటికీల రంగు గురించి ఎవరైనా అడిగారా?

ఆ వయసు పిల్లలకు నా లెక్కలో మొదటి శత్రువు సీసం. పాత నూనె రంగుల్లో దాన్ని కావాలనే కలిపేవాళ్లు, రంగు గట్టిగా ఉండి త్వరగా ఆరడానికి. అమెరికా ఇళ్ల రంగుల్లో 1978లో ఆపింది. భారత్ 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) పరిమితి పెడుతూ నిబంధన తెచ్చింది 2016లో. ఆస్‌బెస్టాస్ జబ్బు బయటపడటానికి దశాబ్దాలు పడుతుంది. సీసం అలా కాదు, పెరుగుతున్న మెదడు మీద ఇప్పుడే పని చేస్తుంది. రక్తంలో ఇంత ఉంటే ప్రమాదం లేదు అని చెప్పగల మోతాదే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది.

గోడ మీద పొరలు పొరలుగా అంటుకుని ఉన్న రంగు అంత బాధించదు. తీసి మూసే చోట ఉన్నదే కొంప ముంచుతుంది: కిటికీ రెక్క చట్రానికి రాసుకునే అంచులు, తలుపు ఒరుసుకునే చోటు, మెట్ల కటకటాలు. తీసిన ప్రతిసారీ కొంచెం పొడి రాలుతుంది. కిటికీ గట్టు మీద పడుతుంది. పాప ఆ గట్టు పట్టుకుని నిలబడుతుంది, అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు గోడల నునుపు కాదు, కిటికీ గట్టు మీది పొడి చూడండి. మొసలి చర్మంలా పగిలిన రంగు కనపడితే తప్పకుండా పరీక్ష చేయించండి. ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ యంత్రం ఉన్నవాళ్లయితే ఒక్క పెచ్చు ఊడగొట్టకుండా అక్కడికక్కడే చెప్పేస్తారు.

అలాగే నీళ్ల పైపు ఇంట్లోకి వచ్చే చోట తాళంచెవితో మెల్లగా గీసి చూడండి. పైన మసక బూడిద రంగు, గీసిన చోట వెండిలా మెరుపు, అయస్కాంతం అంటుకోకపోవడం, ఈ మూడూ ఉంటే అది సీసపు పైపు అని అనుమానించాల్సిందే. మరిగిస్తే సీసం పోదు.

ఒకటి మాత్రం వద్దు. "నేనే గీకి కొత్త రంగు వేసేస్తా" అని ఇసుక కాగితం పట్టుకోకండి. పొడిగా గీకడంతోనే ఇల్లంతా సీసం చేసుకున్నవాళ్లు ఎందరో.

ఖాళీస్థలం

ఇన్ని తలనొప్పులు దేనికండీ, కొత్త ఇల్లు కొనేస్తే పోలా?

గోడచెవి

కొత్తదాంట్లోనూ ఉంటాయి, పేర్లు మారతాయి. 2000ల మధ్యలో ఫ్లోరిడా చుట్టుపక్కల కట్టిన ఇళ్లలో చైనా నుంచి వచ్చిన జిప్సం పలకలు వాడారు. వాటినుంచి గంధకం వాయువులు వచ్చి కుళ్లిన కోడిగుడ్డు వాసన, ఏసీల్లో రాగి గొట్టాలు, స్విచ్చుల వెనక రాగి తీగలు నల్లబడిపోవడం. అన్నీ కొత్త ఇళ్లే. లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ పాతదే గాని, 2017 జూన్ 14న మంటను పైదాకా పాకించింది కొత్తగా బయట తొడిగిన అల్యూమినియం రేకుల మధ్య ఉన్న ప్లాస్టిక్. 72 మంది పోయారు. చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసిన అల్మారాల నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ కొత్తలోనే ఎక్కువ, వేడికి ఇంకా ఎక్కువ. కళ్లు మండుతుంటే "కొత్తింటి వాసన" అని మురిసిపోకూడదు.

నిలదీత

చర్చ పక్కకు పోతోంది. అడిగింది ఈ ఇంటి గురించి. ఆయన వంటిల్లు మార్పిస్తానన్నారు. అంటే ఆ నల్ల జిగురు కదులుతుంది. పైపు ఎలాగూ చిరిగింది. "కదపకుండా ఉంచుకోండి" సలహా మూడింట్లో రెండిటికి పనికే రాదు. ఇప్పుడేమంటారు గోడచెవి గారూ?

గోడచెవి

అదే నేనూ చెప్పబోతున్నా. సరుకు ఉందా లేదా అన్నది సగం ప్రశ్నే. మీరు ఆ ఇంట్లో ఏం పగలగొట్టబోతున్నారన్నది మిగతా సగం. అలాగే ఉంటామనుకునేవాళ్లకు ఈ నేల సమస్యే కాదు. పాత పలకల్ని పీకకుండా వాటి మీదే కొత్త నేల వేసుకున్నా ప్రస్తుతానికి గడుస్తుంది. వంటిల్లు కింది దాకా తవ్వుతామంటే తీయించే ఖర్చు ఇంటి ధరలో భాగమే. ఆ లెక్క సంతకానికి ముందు వేసుకోవాలి.

షెడ్డు రేకుల విషయంలో మాత్రం నా మాట మారదు. పగుళ్లు లేకపోతే ఉంచండి. నాచు పట్టిందని అధిక ఒత్తిడి నీళ్లతో కడిగించకండి, పై పొర సిమెంటు కొట్టుకుపోయి పీచు తేలుతుంది.

నిలదీత

వానలకు ఆ పై పొర ఎలాగూ కొట్టుకుపోతుంది, కొంచెం నెమ్మదిగా. మీరు పదేళ్లు వాయిదా వేయమంటున్నారు, నేను ఇప్పుడే అమ్మేవాడి ఖర్చుతో తీయించమంటున్నాను. ఇందులో మనకు కుదరదు లెండి.

కొత్తగడప

అందరికీ ధన్యవాదాలు. అమ్మేవాళ్లను అడిగాను. రేకు నుంచి, పైపు నుంచి నమూనా తీసుకోమన్నారు. వంటింటి నేల మాత్రం "పలక ఊడదీస్తే కొనకుండా పోతే మాకు నష్టం" అని ఒప్పుకోవడం లేదు. కిటికీల రంగు పరీక్షకు అభ్యంతరం లేదట. నేల సంగతి ఒప్పుకోకపోతే ఏం చేయాలి? ల్యాబ్‌కు నమూనా నేనే తీసి పంపొచ్చా?

సూక్ష్మదర్శని

పైపు జోలికి మీరు వెళ్లకండి, అది నలిగే సరుకు. శిక్షణ ఉన్నవాళ్లే తీయాలి. తీసేముందు తడుపుతారు, ముక్కను రెండు సంచుల్లో మూస్తారు, తీసిన చోటికి టేపు వేస్తారు. మామూలు వాక్యూమ్ క్లీనర్ దగ్గరికి రానివ్వకండి, సన్నని పీచు దాని వడపోతలోంచి దాటి గాల్లోకే వస్తుంది.

నేలకు ఒక దారి ఉంది. ఫ్రిజ్ వెనకో, అల్మారా అడుగునో పగిలిన పలక ఏదో ఒకటి ఉంటుంది. అక్కడినుంచి గోరంత చాలు, కొత్తగా ఏదీ ఊడదీయక్కర్లేదు. ఈ మాట వాళ్లకు చెప్పి చూడండి. దానికీ ఒప్పుకోకపోతే నేలలో ఉందనే లెక్క కట్టి ధర మాట్లాడండి.

ఇంకొకటి. నమూనా తీసేవాళ్లూ, తర్వాత తొలగించేవాళ్లూ ఒకే కంపెనీ కాకుండా చూసుకోండి. తొలగించాక గాలి పరీక్ష కూడా వేరేవాళ్ల చేత చేయించి, ఆ కాగితం చేతికి వచ్చాకే పాపను లోపలికి తీసుకెళ్లండి.

చిలకపచ్చ

కిటికీలు పరీక్షించేటప్పుడు రెక్క మధ్యలో చూసి వదిలేస్తారు. ఒరుసుకునే అంచు మీద కూడా చూడమని మీరే దగ్గరుండి చెప్పండి.