సిటీ పోలీసు జట్టుకు డ్యూరాండ్ కప్పులు మూడా, నాలుగా?

గోషామహల్ వాసి:
ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆడే ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి వెళ్లిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకున్నప్పటి నుంచి ఇక్కడ ఒకటే దుఃఖం. ‘హైదరాబాద్ ఫుట్‌బాల్ ముగిసిపోయింది’ అని నిన్న ఒకరు రాశారు. 2019లో పుట్టిన జట్టు వెళ్లిపోతే ఊరి ఆట ముగిసినట్టా?

మన ఊరి జట్టు అంటే హైదరాబాద్ సిటీ పోలీసు. 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు పట్టుకొచ్చారు. అప్పట్లో ఢిల్లీలో జరిగే డ్యూరాండ్ కప్పు నాలుగుసార్లు గెలిచారు. 1950 ఫైనల్లో మోహన్ బగాన్‌ను, 1957లో ఈస్ట్ బెంగాల్‌ను ఓడించారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలిచినప్పుడు ఆ బృందంలో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం ఉన్నారు. అందరూ ఈ జంటనగరాల వాళ్లే. అటు దేశానికీ ఇటు పోలీసు జట్టుకూ గురువు సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తికి బడిపంతులు.

చిన్నప్పుడు మా నాన్న నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని ఫతే మైదాన్‌కు తీసుకెళ్లేవాడు. తొడలు ఒరుసుకోకుండా కడ్డీకి తువ్వాలు చుట్టేవాడు. నాకు ఇప్పటికీ గుర్తున్నది గోల్స్ కంటే బంతి చప్పుడు. ఒక కాలి నుంచి ఇంకో కాలికి టప్పు టప్పుమని పోతూనే ఉండేది. ఎవరి కాలి దగ్గరా రెండు క్షణాలు నిలిచేది కాదు. ఊరికే వచ్చిన విద్య కాదది. డ్రిబ్లింగ్, అంటే బంతిని కాలి దగ్గరే పెట్టుకుని పరుగెత్తడం, చేయకూడదన్న నియమంతో రహీం సాబ్ పోటీలు పెట్టించేవారు. అలవాటు లేని కాలితోనే తన్నాలని ఇంకో రకం పోటీ.

అంతటి జట్టు ఎందుకు చెదిరిపోయింది? నా మట్టుకు నేను 1963 జూన్ 11 అంటాను. ఆ రోజు రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయారు. మీరేమంటారు?

లెక్కల పుస్తకం:
పెద్దలు క్షమించాలి. సిటీ పోలీసుకు డ్యూరాండ్ కప్పులు నాలుగు కాదు, మూడు. 1950, 1954, 1957. 1961లో గెలిచింది ఆంధ్రప్రదేశ్ పోలీసు. జట్టు పేరు మారింది, రాష్ట్రమే మారింది. అది వేరే జట్టు.

అమ్ముగూడ కుర్రాడు:
మా అమ్ముగూడ నుంచి వెళ్లిన బలరాం గారి పేరు చూసి సంతోషించాను. కానీ గోషామహల్ అన్నగారూ, జట్టును చంపింది చావు కాదు, కలకత్తా. బలరాం ఈస్ట్ బెంగాల్‌కు, అహ్మద్ హుస్సేన్ కూడా కలకత్తా క్లబ్బులకే, తర్వాతి తరంలో నయీముద్దీన్, హబీబ్, అక్బర్ అందరూ అటే. విత్తనం మనది, పంట వాళ్లది. బలరాం గారు 2023 ఫిబ్రవరిలో కలకత్తాలోనే కన్నుమూశారు. అక్కడ ఆయన్ను మోయడానికి మనుషులు ఉన్నారు. ఇక్కడ మా బస్తీలో పిల్లలకు ఆయన ఎవరో తెలియదు.

గోషామహల్ వాసి:
లెక్కల పుస్తకం గారూ, అదే మైదానం, అదే సాధన, అదే గురువు. పేరు పలక మారిస్తే ఇల్లు మారిపోతుందా? 1957లో ఆడినవాళ్లు కొందరు 1961లోనూ ఉన్నారు. నాలుగే.

లెక్కల పుస్తకం:
మీ వాదనే మీకు అడ్డం వస్తోంది. పేరు మారినా జట్టు ఒకటే అంటే, ఢిల్లీకి వెళ్లిన హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా మన జట్టే అని ఒప్పుకోవాలి. అంతేకాదు, రహీం గారు పోయాక 1965లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ గెలిచింది. కాబట్టి ఆయన మరణంతో అంతా ఆగిపోయిందన్నదీ నిలవదు.

గోషామహల్ వాసి:
ఢిల్లీ జట్టుకూ దీనికీ పోలికా! మా వాళ్లు ఎక్కడికీ వెళ్లలేదు. ఊరు అలాగే ఉంది, పైన ప్రభుత్వం మారింది. 1965 సంగతి అంటారా, ఆ గెలిచిన వాళ్లంతా రహీం సాబ్ చేతిలో పెరిగిన పిల్లలు. తోటమాలి పోయిన రెండేళ్లకు కాసిన కాయలు ఎవరి కష్టం? ఆ తర్వాత సంతోష్ ట్రోఫీ మళ్లీ మనకు వచ్చిందా?

చదువరి:
చర్చ బాగుంది. వింటున్నాను.

రెండో సగం:
ఒక మాట. ఆ రోజుల్లో మన దేశంలో ఆట డెబ్బై నిమిషాలే. ఇప్పటి తొంభై నిమిషాల ఆటతో పోల్చి ఆకాశానికి ఎత్తడం సబబేనా?

గోషామహల్ వాసి:
మెల్‌బోర్న్‌లో తొంభై నిమిషాలే ఆడారు. ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించారు. 1962లో జకార్తాలో కొరియా మీద 2-1తో గెలిచి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చారు. ఆ ఫైనల్లో మన యూసుఫ్ ఖాన్ ఉన్నాడు. అప్పటికే రహీం సాబ్ ఒంట్లో ఆ జబ్బు ఉంది. ఇంకేం కావాలి?

పసుపు జెండా:
ఇంతసేపూ ఊరుకున్నాను. ‘2019లో పుట్టిన జట్టు’ అని మొదట్లోనే తీసిపారేశారు కాబట్టి చెబుతున్నాను.

2022 మార్చి 20న హైదరాబాద్ ఎఫ్‌సీ ఆడిన ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్‌కు నేను గోవాలో, ఫతోర్దా స్టేడియంలో ఉన్నాను. నాతో మా గదిలోని ఇద్దరు స్నేహితులు. ఎటు చూసినా పసుపే, కానీ అది మా పసుపు కాదు. కేరళ వాళ్ల జట్టు రంగూ పసుపే. వేలమంది మధ్య మేము పిడికెడు. 68వ నిమిషంలో వాళ్లు గోలు కొట్టారు. నా పక్కనున్న కేరళ పెద్దాయన నా భుజం తట్టి ఓదార్చాడు కూడా. 88వ నిమిషంలో మా సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టాడు. తర్వాత పెనాల్టీలలో మా గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. మూడోది ఆపగానే నేను కూలబడి ఏడ్చాను. నా ఊరి పేరు దేశమంతా వినిపించింది ఆ రాత్రి. అది మీకు ఫుట్‌బాల్ కాకపోతే మరేమిటి?

గోషామహల్ వాసి:
బాబూ, నీ కన్నీటిని తక్కువ చేయను. కానీ అడుగుతున్నాను. ఫతోర్దాలో ఆ రాత్రి ఆడినవాళ్లలో మన ఊరి బస్తీలో పుట్టిన పిల్లవాడు ఎంతమంది? పుణె జట్టు మూతపడితే దాని స్థానంలో తెచ్చి పెట్టిన జట్టది. డబ్బుతో వచ్చింది, డబ్బుతోనే పోయింది. సిటీ పోలీసును ఎవరూ కొనలేదు, అమ్మలేదు.

అమ్ముగూడ కుర్రాడు:
కలకత్తా కొన్నది కదా అన్నగారూ. నేను చెప్పేది అదే. ఎవరూ పట్టించుకోవడం లేదు.

పసుపు జెండా:
ఊరి పిల్లవాడు, ఊరి పిల్లవాడు! మరి నేనెవరిని? మా నాన్న నల్లగొండ నుంచి 1998లో లారీ క్లీనరుగా వచ్చాడు. నేను ఉప్పల్‌లో పుట్టాను. మీ గోషామహల్, మీ ఫతే మైదాన్, మీ రహీం సాబ్ ఇవేవీ మాకు ఎవరూ చెప్పలేదు. బడిలో చెప్పలేదు, ఇంట్లో తెలియదు. పాత హైదరాబాదీలు కలిసిన చోటల్లా ‘ఆ రోజులే వేరు’ అంటారు, ఆ రోజుల్లోకి మాకు తలుపు లేదు. ఈ మహానగరంలో ఇది నాది అని చెప్పుకోగలిగిన మొదటి వస్తువు ఆ పసుపు చొక్కా. దాన్నీ పట్టుకుపోయారు. పోతే పోయింది అంటున్నారు మీరు.

ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పండి. జట్టు ఇక్కడ ఉన్నన్నాళ్లూ మీరు గచ్చిబౌలి స్టేడియానికి ఒక్కసారైనా వచ్చారా? చివరి ఏడాది మేము వందల్లో కూర్చునేవాళ్లం, ఖాళీ కుర్చీలు వేలల్లో. ఆట మీద అంత ప్రేమ ఉన్నవాళ్లు ఆ కుర్చీల్లో ఎందుకు లేరు? మీకు కావలసింది ఆట కాదు, మీ చిన్నతనం.

చదువరి:
తమ్ముడూ, పెద్దవారితో మాట కాస్త తగ్గించు.

లెక్కల పుస్తకం:
భావోద్వేగం వేరు, రికార్డు వేరు. అసలు ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. మూడా, నాలుగా?

హవల్దారు కూతురు:
నేను ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. మూడా నాలుగా అన్న మాట చూసి రాస్తున్నాను.

1961లో డ్యూరాండ్‌కు వెళ్లిన బృందంలో మా నాన్న ఉన్నాడు. ఆడలేదు, రిజర్వు. తెల్లవారుజామున నాలుగున్నరకు సాధన, తొమ్మిదికి డ్యూటీ. ఆటగాడని డ్యూటీ తప్పేది కాదు. మోకాలు పోయాక ఆట పోయింది గానీ ఉద్యోగం నిలిచింది. ఆ జీతంతోనే మేము ముగ్గురం చదువుకున్నాం.

మీరంతా రహీం గారు పోవడం వల్ల, కలకత్తా వల్ల, పేరు మారడం వల్ల అంటున్నారు. మా ఇంట్లో తెలిసిన కారణం ఒక్కటే. బాగా ఆడే పేద కుర్రవాడికి అప్పట్లో కానిస్టేబులు కొలువు దొరికేది. ఖాకీ చొక్కా వస్తుందని తల్లులే పిల్లల్ని మైదానానికి పంపేవాళ్లు. మా అబ్బాయి జిల్లా స్థాయి వరకు ఆడాడు. ఉద్యోగం కోసం ఒక కార్యాలయం చుట్టూ మూడేళ్లు తిరిగాం. ఫుట్‌బాల్‌కు ఖాళీలు లేవని చివరికి చెప్పారు. వాడు ఇప్పుడు మందుల దుకాణంలో లెక్కలు రాస్తున్నాడు. బూట్లు ఎవరికో ఇచ్చేశాడు, ఎవరికిచ్చాడో నాకు చెప్పలేదు.

కప్పులు ఎన్నో నాకు తెలియదు. ఆ ఏడాది ఢిల్లీలో తీసిన ఫొటో మా ఇంట్లో ఉంది. వెనక నాన్న ఉర్దూలో రాసుకున్నాడు, ఆయన చదివిన బడి అదే. ‘సిటీ పోలీస్, ఢిల్లీ, 1961’ అని ఉంది. ఆంధ్రప్రదేశ్ పోలీసు అని రాయలేదు.

గోషామహల్ వాసి:
అమ్మా, నీకు నమస్కారం. మీ నాన్నగారు ఏ స్థానంలో ఆడేవారు? లెఫ్ట్ హాఫా?

లెక్కల పుస్తకం:
ఆమె నాన్నగారి మీద నాకు గౌరవం ఉంది. అయినా ఫొటో వెనక రాసుకున్నది రికార్డు కాదు. ట్రోఫీ మీద ఏ పేరు చెక్కారన్నదే లెక్క.

హవల్దారు కూతురు:
లెఫ్ట్ హాఫే. మీకెలా తెలుసు?

గోషామహల్ వాసి:
తెలియదమ్మా. రిజర్వులో మోకాళ్లు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలిసినంతలో ఎక్కువమంది హాఫ్‌లే. మైదానమంతా పరుగెత్తేది వాళ్లే.

పసుపు జెండా అబ్బాయికి జవాబు బాకీ ఉన్నాను. ఆ జట్టు ఆటలకు రాలేదు, నిజమే. గచ్చిబౌలికి ఒక్కసారే వచ్చాను, 2024 డిసెంబరు 31న, సంతోష్ ట్రోఫీ ఫైనల్‌కు. మనుమడు తీసుకొచ్చాడు. మన ఊళ్లో ఫైనల్, ఆడింది బెంగాల్, కేరళ. బెంగాల్ ఒక్క గోలుతో గెలిచింది. ఎవరి కోసం అరవాలో తెలియక డెబ్బై అయిదేళ్ల మనిషిని చేతులు కట్టుకుని కూర్చున్నాను. పసుపు చొక్కా కూడా నాకు అలాగే ఉంటుందనుకున్నాను. నీ కుర్రవాళ్ల ముఖాలు నేను గుర్తుపట్టలేనని రాలేదు. అది తప్పే కావచ్చు. కానీ బస్తీ పిల్లవాడు లేని జట్టు మన ఊరిదని మాత్రం ఒప్పుకోను.

పసుపు జెండా:
నేనూ ఒప్పుకోను. నేను బస్తీ పిల్లవాణ్నే, నేను గోడకు ఇటువైపు కూర్చున్నాను అంతే.

డిసెంబరు 31న నేనూ అక్కడే ఉన్నాను. పడమటి వైపు, పైవరస. మీరెక్కడ కూర్చున్నారు?

అమ్ముగూడ కుర్రాడు:
హవల్దారు గారి అమ్మాయికి ఒక విన్నపం. ఆ ఫొటోలో ఎవరెవరు ఉన్నారో ఉర్దూలో పేర్లు కూడా ఉన్నాయా? మా వీధి చివర ఉర్దూ చదవగల మాస్టారు ఉన్నారు. మా పిల్లలకు చూపిస్తాను.

హవల్దారు కూతురు:
పదకొండు పేర్లున్నాయి. చివర పన్నెండోది నాన్నది, చిన్న అక్షరాల్లో. ఆదివారం తీసుకొస్తాను, ఎక్కడికి రావాలో చెప్పండి.

లెక్కల పుస్తకం:
పేర్లు దొరికితే ఇక్కడ పెట్టండి. 1957 ఫైనల్ ఆడినవాళ్లలో అందులో ఎంతమంది ఉన్నారో పోల్చి చూస్తాను. సగం కంటే ఎక్కువ ఉంటే అప్పుడు మాట్లాడదాం. అంతవరకు మూడే.

గోషామహల్ వాసి:
నాలుగు.

బాబూ, నేను తూర్పు వైపు కూర్చున్నాను, కింది వరసలో. మెట్లు ఎక్కలేను.